గర్భంపై హక్కు అడిగింది, బడిలో చోటు కాదంది: అనీబిసెంట్ జీవితం

మదనపల్లెలో బీటీ కాలేజీ తెలియనివాళ్లు ఉండరు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎన్నో తరాలకు పైచదువు చెప్పిన కాలేజీ అది. 1915లో దాన్ని నెలకొల్పింది అనీబిసెంట్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీలో ఉన్న రోజుల్లోనే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారనీ, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను కాగితం మీద పెట్టారనీ ఊళ్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. హోంరూల్ ఉద్యమం, కాంగ్రెస్‌కు తొలి మహిళా అధ్యక్షురాలు అన్న రెండు ముక్కలు బడి పుస్తకాల్లో చదువుకున్నాం. బిసెంట్ కథ మనకు అక్కడితో అయిపోతుంది.

ఆమె ఇండియాకు రావడానికి పదహారేళ్ల ముందు, 1877లో, లండన్ కోర్టు బోనులో నిలబడింది. నేరం: పిల్లలు వద్దనుకుంటే గర్భం రాకుండా ఎలా చూసుకోవాలో ఒక డాక్టరు రాసిన చిన్న పుస్తకాన్ని అచ్చువేసి అమ్మడం. ఆ కేసు ఆమె కూతురిని ఆమె నుంచి లాక్కుంది. అదే బిసెంట్ మరో ముప్పై ఏళ్ల తర్వాత, పంచమ పిల్లల్ని పైకులాల పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదని రాసింది. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి. మన జిల్లాలో ఆడవాళ్ల గర్భం గురించి సర్కారు ఒకప్పుడు ఒక మాట, ఇప్పుడు ఇంకో మాట చెబుతున్న ఈ రోజుల్లో ఆ రెంటినీ కలిపి చదవాలని మేం అనుకుంటున్నాం.

పాస్టరు భార్య

అనీ వుడ్ 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టింది. ఆమె ఐదో ఏట తండ్రి చనిపోయాడు. ఇరవై ఏళ్లకు, 1867లో, ఫ్రాంక్ బిసెంట్ అనే పాస్టరుతో పెళ్లయింది. 1869లో కొడుకు డిగ్బీ, 1870లో కూతురు మేబెల్ పుట్టారు. పసికందు మేబెల్‌కు కోరింత దగ్గు వచ్చి చావు అంచుదాకా వెళ్లింది. ఆ బిడ్డ ఊపిరి కోసం కొట్టుకోవడం చూసిన తల్లికి దేవుడి మీద నమ్మకం సడలింది. నమ్మకం లేకుండా చర్చిలో ప్రసాదం తీసుకోనంది. పాస్టరు ఇంట్లో అది కుదిరే పని కాదు. 1873లో ఇద్దరూ చట్టప్రకారం విడిపోయారు. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర ఉండేట్టు ఒప్పందం రాసుకున్నారు.

ఒంటరి ఆడది, చేతిలో బిడ్డ, సరైన రాబడి లేదు. రాతలతో, ఉపన్యాసాలతో బతుకు నెట్టుకొచ్చింది. 1874లో నాస్తిక నాయకుడు చార్లెస్ బ్రాడ్లాతో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. లండన్ పేటల్లో ఏటా కాన్పుతో చిక్కిపోయే కూలి ఆడవాళ్లు, ఒకే గదిలో ఏడెనిమిది మంది పిల్లలు, ఊయల దాటకుండానే పోయే బిడ్డలు ఆమె కళ్లముందే ఉన్నారు. డబ్బున్న ఇళ్లలో ఆడవాళ్లకు డాక్టర్లు గుట్టుగా చెప్పే సంగతి పేదింటి ఆడదానికి చేరే దారి లేదు.

ఆరు పెన్నీల పుస్తకం

అమెరికాలో చార్లెస్ నోల్టన్ అనే డాక్టరు 1832లో ఒక చిన్న పుస్తకం రాశాడు. గర్భం ఎలా నిలుస్తుంది, వద్దనుకుంటే ఏం చేయవచ్చు అన్నది అందులో సంగతి. దానికి ఆయన మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించాడు. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ పుస్తకం నలభై ఏళ్లు పెద్దగా ఎవరి కంటా పడకుండా అమ్ముడుపోయింది. 1876లో బ్రిస్టల్‌లో ఒక పుస్తకాల వ్యాపారికి దాని మీద జైలు పడింది. ఆ తర్వాత లండన్ ప్రచురణకర్త కూడా భయపడి నేరం ఒప్పేసుకున్నాడు.

ఆ ఒప్పుకోలు బిసెంట్, బ్రాడ్లా ఇద్దరికీ మింగుడుపడలేదు. వైద్యం గురించి చెప్పడం బూతు అయితే ఇక పేదవాళ్లకు ఏ సంగతీ చేరదని వాళ్ల వాదన. సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టి, 1877 మార్చిలో ఆ పుస్తకాన్ని ఆరు పెన్నీలకు అమ్మకానికి పెట్టారు. ఎప్పుడు, ఎక్కడ అమ్ముతారో ముందే పోలీసులకు తెలియజేశారు. దొంగచాటుగా అమ్మితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుందని వాళ్ల లెక్క. మొదటి ఇరవై నిమిషాల్లోనే 500 ప్రతులు పోయాయి. ఏప్రిల్‌లో ఇద్దరినీ అరెస్టు చేశారు.

జూన్ 18న ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ముందు విచారణ మొదలైంది. ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ స్వయంగా వాదించాడు. బిసెంట్ వకీలును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు వకీళ్లు కావడానికి వీల్లేని రోజులవి. పెళ్లికాని ఆడది, పెళ్లయిన ఆడది అన్న తేడా లేకుండా గర్భం అన్న మాటే నలుగురిలో పలకకూడని సమాజంలో, నిండు కోర్టులో కాన్పుల లెక్కలు, శిశుమరణాల లెక్కలు గంటల తరబడి చెప్పింది. జ్యూరీ తీర్పు విచిత్రంగా వచ్చింది. పుస్తకం జనాన్ని చెడగొడుతుంది, అచ్చువేసినవాళ్లకు మాత్రం చెడు ఉద్దేశం లేదు అన్నారు. న్యాయమూర్తి దాన్ని నేరం రుజువైనట్టుగానే తీసుకుని ఆరు నెలల జైలు, 200 పౌండ్ల జరిమానా వేశాడు. 1878 ఫిబ్రవరిలో పైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. నేరపత్రంలో బూతు అన్న మాటలేవో రాయలేదన్న సాంకేతిక లోపమే అందుకు కారణం. పుస్తకం తప్పా ఒప్పా అన్నది తేలనే లేదు.

జనం మాత్రం తేల్చేశారు. అంతకుముందు ఏడాదికి కొన్ని వందలు అమ్ముడయ్యే పుస్తకం మూడు నెలల్లో లక్ష దాటింది. ఆ ఏడాదే బిసెంట్ ఇదే విషయం మీద తేలిక మాటల్లో తన సొంత పుస్తకం రాసింది. దాని ప్రతులు మద్రాసు దాకా వచ్చాయి. 1882 నాటికే మద్రాసులో సంతాన నియంత్రణ మాట్లాడే సంఘం ఒకటి ఏర్పడింది. అనీబిసెంట్ కాలు మోపకముందే ఆమె రాత దక్షిణాదికి చేరింది.

కూతురిని తీసుకున్న కోర్టు

జైలు తప్పింది కానీ అసలు శిక్ష వేరే కోర్టులో పడింది. ఇలాంటి పుస్తకం అమ్మిన, దేవుడిని నమ్మని ఆడదాని దగ్గర ఆడపిల్ల పెరగకూడదని ఫ్రాంక్ బిసెంట్ కేసు వేశాడు. 1878లో న్యాయమూర్తి జార్జ్ జెస్సెల్ ఎనిమిదేళ్లు నిండని మేబెల్‌ను తండ్రికి అప్పగించమన్నాడు. ఐదేళ్ల కిందటి ఒప్పందం చెల్లకుండా పోయింది. పాపను ఇంట్లోంచి తీసుకెళ్లాక బిసెంట్ మంచాన పడింది. పిల్లలిద్దరూ పెద్దయ్యాక తమంతట తాము తల్లి దగ్గరికి తిరిగివచ్చారు.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. గర్భం గురించి మాట్లాడిన ఆడదాని మీద ప్రభుత్వం మొదట క్రిమినల్ కేసు పెట్టింది. అది నిలవకపోతే ఆమె తల్లితనం మీద దెబ్బకొట్టింది. 1883లో వృక్షశాస్త్రం చదువుకుంటానని వెళ్తే లండన్ యూనివర్సిటీ కాలేజీ తరగతిలోకి రానివ్వలేదు. ఆమె పక్కన కూర్చుంటే మిగతావాళ్లు చెడిపోతారన్నట్టు గేటు మూశారు. పక్కన కూర్చోనివ్వకపోవడం అంటే ఏమిటో ఆమెకు అనుభవం మీద తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం.

1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల సమ్మెకు అండగా నిలబడి గెలిపించింది. ఆ పదేళ్లలో ఆమె చేసిన పనులు ఏ ఉద్యమకారికైనా గర్వకారణం.

తన పుస్తకాన్ని తానే ఆపేసింది

1889లో బిసెంట్ దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. మేడమ్ బ్లావట్‌స్కీ శిష్యురాలైంది. మనిషి శరీరాన్ని ఆత్మ అదుపులో పెట్టుకోవాలనీ, సంతానం తగ్గాలంటే నిగ్రహమే మార్గమనీ ఆ సమాజం బోధ. 1891లో బిసెంట్ తన సంతాన నియంత్రణ పుస్తకాన్ని ఇక అచ్చువేయనని ప్రకటించింది. అప్పటికి అది లక్షా డెబ్బైఐదు వేల ప్రతులు పోయింది. కోర్టు ఆపలేకపోయిన పుస్తకాన్ని రాసిన మనిషే ఆపేసింది.

మనసు మార్చుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ నిగ్రహం అన్న సలహా ఎవరికి పనికొస్తుంది? తాగొచ్చిన మొగుడికి వద్దని చెప్పే వీలు లేని ఆడదానికి, భూస్వామి దొడ్లో పనిచేసే జీతగాడి భార్యకు నిగ్రహం చేతిలో ఉన్న వస్తువు కాదు. ఆరు పెన్నీల పుస్తకం అలాంటి ఆడవాళ్ల కోసమే వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు ఆమె ఆ ఆడవాళ్లను అడగలేదు.

1893 నవంబరులో ఆమె ఇండియాకు వచ్చింది. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టింది. 1907లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలై మద్రాసు అడయారులో కుదురుకుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆమె కంట పడింది అక్కడే, 1909లో. ఆ అబ్బాయిని జగద్గురువుగా తయారుచేస్తామని తమ్ముడు నిత్యానందతో పాటు తన సంరక్షణలోకి తీసుకుంది. తర్వాత తండ్రి నారాయణయ్య పిల్లల్ని తిరిగి ఇమ్మని మద్రాసు హైకోర్టుకెక్కాడు. 1913లో ఆమె ఓడిపోయింది. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్‌లో గెలిచింది. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది: మద్రాసు కోర్టులో ఆ పిల్లల ఇష్టం ఏమిటో చూడలేదు. ముప్పైఆరేళ్ల కిందట మేబెల్‌ను కూడా ఎవరూ అడగలేదు. ఎవరి జీవితం గురించి నిర్ణయిస్తున్నారో వాళ్లను అడగకపోవడం ఈ కథంతటా కనిపిస్తుంది.

పంచమ పిల్లల బడి

దివ్యజ్ఞాన సమాజం తొలి అధ్యక్షుడు ఆల్కాట్ 1894లో అడయారు దగ్గర పంచమ పిల్లల కోసం ఉచిత బడి పెట్టాడు. తర్వాత అలాంటివి మరికొన్ని వచ్చాయి. అంటరాని కులాల పిల్లలకు అక్షరం ముట్టిన కొద్ది చోట్లలో అవీ ఉన్నాయి. దాన్ని కాదనలేం.

అయితే 1909లో మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ రివ్యూ పత్రికలో అణగారిన కులాల అభ్యున్నతి గురించి బిసెంట్ ఒక వ్యాసం రాసింది. ఆ పిల్లలకు ముందు శుభ్రత, నడవడిక నేర్పాలనీ, తరతరాల తిండి, తాగుడు వల్ల వాళ్ల ఒంటికే వాసన పట్టిందనీ, అప్పటిదాకా శుభ్రమైన ఇళ్ల పిల్లలతో ఒకే తరగతిలో కూర్చోబెట్టడం మంచిది కాదనీ దాని సారాంశం. అంటే వాడ పిల్లల శరీరమే ఒక జబ్బు, దాన్ని కొన్ని తరాలపాటు బాగుచేయాలి, అది అయ్యాకే సమానత్వం.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ వ్యాసాన్ని వదిలిపెట్టలేదు. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారో లెక్కతీస్తూ 1945లో రాసిన పుస్తకంలో దీన్ని సుదీర్ఘంగా ఎత్తిచూపించారు. స్వరాజ్యం కోరే పెద్ద మనుషుల మనసులో మన పిల్లల స్థానం ఏమిటో తెలియడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

లండన్‌లో బిసెంట్ ఆడదాని శరీరం చర్చిదీ కాదు, సర్కారుదీ కాదు అని వాదించింది. మద్రాసుకు వచ్చాక వాడ మనిషి శరీరం మురికిదని తీర్పు చెప్పింది. ఒక శరీరం పవిత్రం, ఇంకో శరీరం మైల అని నమ్మే చోట శరీరం మీద హక్కు కొందరికే దక్కుతుంది. ఆమె జీవితంలో మేం చూస్తున్న పెద్ద విషాదం అది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1916లో హోంరూల్ లీగ్. 1917లో ఊటీలో నిర్బంధం. ఆ ఏడాది చివర కాంగ్రెస్ అధ్యక్ష పీఠం. అదే ఏడాది అడయారులో మహిళా భారత సంఘం పుట్టింది, బిసెంట్ దానికి తొలి అధ్యక్షురాలు. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం, బాల్యవివాహాలకు వ్యతిరేకంగా ఆ సంఘం పనిచేసింది. 1933 సెప్టెంబరు 20న ఆమె అడయారులో కన్నుమూసింది.

రెండు ప్రశ్నలను కలిపినవాడు

బిసెంట్ పోయిన మరుసటి ఏడు, 1934లో, బొంబాయిలో మళ్లీ అలాంటి కేసే నడిచింది. సంతాన నియంత్రణ, లైంగిక ఆరోగ్యం గురించి మరాఠీలో పత్రిక నడిపే ఆర్.డి. కర్వే మీద బూతు రాతల నేరం మోపారు. కర్వే తరఫున కోర్టులో నిలబడిన వకీలు అంబేడ్కర్. కేసు ఓడిపోయారు, కర్వేకు 200 రూపాయల జరిమానా పడింది. వాదన మాత్రం మిగిలింది.

1938 నవంబరులో అంబేడ్కర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానం పెట్టాడు. అంబేడ్కర్ తయారుచేసిన ప్రసంగాన్ని అక్కడ వినిపించారు. బిడ్డను మోయడం ఇష్టం లేని ఆడదానికి గర్భం రాకుండా చూసుకునే వీలు ఉండాలనీ, ఆ నిర్ణయం ఆమెదేననీ, ప్రభుత్వం పని దానికి కావాల్సిన తెలివిడి, సదుపాయం అందించడమేననీ ఆ వాదన సారం. తీర్మానం 52కు 11 ఓట్లతో వీగిపోయింది. పదేళ్ల ముందు, 1928లో, ఫ్యాక్టరీ ఆడవాళ్లకు ప్రసూతి సాయం కావాలని బొంబాయి కౌన్సిల్‌లో మాట్లాడింది కూడా ఆయనే. రమాబాయికి, ఆయనకు ఐదుగురు బిడ్డలు పుడితే యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. బిడ్డను కని పోగొట్టుకోవడం ఏమిటో ఆ ఇంటికి తెలుసు.

బిసెంట్ విడగొట్టిన రెండు ప్రశ్నలను అంబేడ్కర్ ఒకటిగా చూశారు. బడిలో బల్ల మీద చోటు, గర్భం మీద మాట ఒకే మనిషికి ఒకేసారి కావాలి.

మన జిల్లా, మన ఆసుపత్రులు

అంబేడ్కర్ కోరిన సదుపాయాన్ని స్వతంత్ర భారతం 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంగా మొదలుపెట్టింది. నిర్ణయం ఆడదానిది అన్న సగాన్ని మాత్రం దారిలోనే వదిలేసింది. ఎమర్జెన్సీలో 1976-77లో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, వాటిలో ఎక్కువ మగవాళ్లకే. మగవాళ్ల కోపానికి భయపడిన ప్రభుత్వాలు ఆ తర్వాత కత్తిని పూర్తిగా ఆడవాళ్ల వైపు తిప్పాయి.

ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఒక నిబంధన పెట్టింది. చట్టం అమలైన ఏడాది తర్వాత మూడో బిడ్డ పుడితే సర్పంచ్‌గా, వార్డు మెంబరుగా పోటీకి అనర్హులు. మన ఆడవాళ్లకు రిజర్వేషన్ ద్వారా పంచాయతీ ఆఫీసులో కుర్చీ దొరికింది కూడా ఆ చట్టంతోనే. ఒక చేత్తో కుర్చీ ఇచ్చి, ఇంకో చేత్తో ఒడిలో బిడ్డల్ని లెక్కపెట్టారు. బిడ్డ బతుకుతుందన్న భరోసా తక్కువగా ఉన్నచోట, మగపిల్లాడి కోసం అత్తింటి ఒత్తిడి ఉన్నచోట, ఎంతమందిని కనాలో తేల్చేది ఆమె కాదు. వేటు మాత్రం ఆమె మీదే. హర్యానాలో ఇలాంటి నిబంధననే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1997లో రాష్ట్రం సొంత జనాభా విధానం తెచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రగిరి దగ్గరి నారావారిపల్లెలో పుట్టి, కుప్పం నుంచి గెలిచే చంద్రబాబు నాయుడు.

ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి సుమారు 70 మందికి ట్యూబెక్టమీ అయిపోయింది. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన ఆడవాళ్లు చాలామంది. గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం కూడా దేశ సగటుకు రెట్టింపు దాటింది. మా పరిశోధన పని మీద తూర్పు మండలాల వాడల్లో ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు, ఆపరేషన్ చేయించుకున్నాం అనే మాట కన్నా ఆపరేషన్ చేసేసినారు అనే మాటే ఎక్కువ వినబడింది. ఆ క్రియాపదంలోనే మొత్తం కథ ఉంది.

2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. మంచిదే. కానీ ఎత్తేసిన కారణం చూడండి. ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని ఎవరూ ఒప్పుకోలేదు. జనాభా తగ్గుతోంది, పనిచేసే వయసువాళ్లు తగ్గుతున్నారు, కాబట్టి ఎక్కువమందిని కనమంటున్నారు. అదే ముఖ్యమంత్రి, అదే రాష్ట్రం, మారింది లెక్క ఒక్కటే. నిన్న వద్దన్న బిడ్డను ఇవాళ కావాలంటున్నారు. రెండుసార్లూ లెక్క రాష్ట్రానిది, మోయాల్సిన కడుపు ఆమెది.

వద్దని జైలులో పెట్టే సర్కారు, వద్దని కత్తి పట్టే సర్కారు, కావాలని ప్రోత్సాహకం ఆశ చూపే సర్కారు. పైకి మూడు వేరుగా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఆడదాన్ని అడగాల్సిన చోట అడగలేదు. 1971 గర్భస్రావ చట్టంలో కూడా తుది మాట డాక్టరు అభిప్రాయానిదే. ఆ డాక్టరు గది దాకా వెళ్లి నోరు తెరిచి అడగగలిగిన వాడ ఆడబిడ్డలు ఎందరో మన ఊళ్లలో మనమే చూసుకోవచ్చు.

బీటీ కాలేజీలో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, ఎస్వీ యూనివర్సిటీలో ఇవాళ మన పిల్లలు చదువుతున్నారు. బిసెంట్ పక్కన కూర్చోవద్దన్న పిల్లల మనవరాళ్లు వాళ్లు. ఆమె కోర్టులో చేసిన వాదనను తీసుకోవడానికి వాళ్లకు ఆమె అనుమతి అక్కర్లేదు. ఆ వాదనలో ఆమె వదిలేసిన సగాన్ని అంబేడ్కర్ పూరించి పెట్టారు. పీహెచ్‌సీలో కాన్పు మంచం పక్కన సంతకం కాగితం పట్టుకుని ఎవరైనా నిలబడినప్పుడు, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి, ఆమె వద్దంటే వద్దని పక్కన నిలబడే మనిషి మనలోంచి ఉండాలి. ఈ జీవితకథ నుంచి మేం తీసుకున్న పని అది.